ఓనమాలకూ యాపే!

చదువు రానివాళ్లకు చదువు చెప్పే కేంద్ర పథకం ‘ఉల్లాస్’. పేరు నమోదు చేసుకోవడానికి మొబైల్ యాప్!

సీతాఫల్‌మండి స్టేషన్‌లో బోర్డు చదవలేక పక్కవాళ్లను అడిగే అమ్మకు ఇక దిగుల్లేదు. ఫోను కొనాలి. యాప్ చదవాలి. చదవగలిగితే బడిలో చేర్చుకుంటారు.

సర్వేయరు వచ్చి నమోదు చేస్తారట. వస్తే మంచిదే.

2009లో వచ్చిన అక్షరాస్యత పథకం ‘సాక్షర భారత్’ ఇంకా నయం. అది పల్లెలకే. పల్లె వదిలి బస్తీకొస్తే అక్షరాలు దారిలోనే వచ్చేస్తాయని లెక్క కాబోలు! 2018 మార్చిలో దాన్నీ మూసేశారు. నెలకు 2 వేలతో నెట్టుకొచ్చిన సమన్వయకర్తలు ఇంటికెళ్లారు. ఇప్పుడా 2 వేల బెంగ కూడా లేదు. చెప్పేది వలంటీర్లు, జీతం సున్నా.

‘వయోజన విద్య’ అన్న పేరు మాత్రం మార్చారు. ఇప్పుడది ‘అందరికీ విద్య’. పేరు మార్చడానికి వలంటీర్లు అక్కర్లేదు కదా!

‘ఉల్లాస్’కు అయిదేళ్లకు 1037.90 కోట్లు. లక్ష్యం 5 కోట్ల మంది. తలకు 207 రూపాయల చిల్లర. బండి మీద సీతాఫలాలైనా బుట్టెడు రావు.

ఇంతకీ చదువు రానివాళ్లు ఎంతమంది? చేతిలో ఉన్నది 2011 నాటి లెక్క. కొత్త జనగణనలో మనుషులను లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. పథకం గడువు తీరేది 2027 మార్చిలో.