నీలిరంగు దిష్టిచుక్క

పసిపిల్లల బుగ్గన కాటుకతో దిష్టిచుక్క పెట్టడం మనకు కొత్త కాదు. ఆడపిల్లకు పన్నెండో పదమూడో రాగానే ఆ చుక్క బుగ్గ మీంచి దిగి నాన్నగారి ఫోన్లో మ్యాప్ మీదికి ఎక్కుతుంది. నల్లది నీలమవుతుంది. మిగతాదంతా పాత పద్ధతే. పెట్టినవాళ్లకు ధైర్యం, పెట్టించుకున్నవాళ్లకు దురద.

ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా ఒక తండ్రి తగులుతాడు. "మా అమ్మాయి ఎక్కడుందో నాకు నిమిషం నిమిషం తెలుసండీ" అంటూ, మనం అడక్కపోయినా ఫోన్ తీసి చూపిస్తాడు. సికింద్రాబాద్ నుంచి కోఠీ కాలేజీకి బస్సులో పోతున్న పిల్ల తాలూకు చుక్క, సిగ్నల్ సరిగా అందక, హుస్సేన్ సాగర్ నట్టనడుమ బుద్ధుడి పక్కన తేలుతూ ఉంటుంది. ఆయన కంగారు పడడు. "కాసేపట్లో ఒడ్డుకొస్తుంది లెండి" అంటాడు. చుక్క రెండు గంటలు హాస్టల్లో కదలకుండా ఉంటే పిల్ల చదువుకుంటోందని లెక్క. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టేసి మ్యాట్నీకి వెళ్లి ఉండొచ్చన్న ఆలోచన చాలామంది నాన్నలకు రాదు. వచ్చిన నాన్నలు ఇంకో యాప్ వేస్తారు.

అదే ఇంట్లో ఆ పిల్లకో అన్నయ్య ఉంటాడు. రాత్రి పదకొండింటికి వాడూ, వాడి స్నేహితులూ ఒకే బండి మీద ముగ్గురు ఎక్కి బిర్యానీకి బయల్దేరతారు. వాడి చుక్క ఏదండీ అంటే, "మగపిల్లాడు, వాడికేంటి?" అని జవాబు. ఈ మినహాయింపు సంగతి లారీలకు ఎవరైనా చెప్పారో లేదో.

ఇంత భద్రత పాటించే ఇంట్లోనే ఆ పిల్లకు ఓణీల ఫంక్షన్ జరిగింది. ఊరి సెంటర్లో పిల్లది నిలువెత్తు ఫ్లెక్సీ. వాట్సాప్ స్టేటస్‌లో పాట పెట్టి చేయించిన వీడియో ఆహ్వానం, కింద ఫంక్షన్ హాలుకు మ్యాప్ లింకు. ఒక పసిదాని ఒంట్లో వచ్చిన మార్పును తేదీ, వేళ, దారితో సహా పాలవాడి దగ్గర్నుంచి ప్లంబర్ దాకా అందరికీ చేరవేశారు. అంతకుముందు బడిలో చేరిన రోజు ఫొటో: మెడలో ఐడీ కార్డు, వెనకాల స్కూలు బోర్డు, పక్కన బస్సు నంబరు. తర్వాత టెన్త్ మార్కులు, హాల్ టికెట్ నంబరు చెరపకుండా. ఇన్ని చేసిన పెద్దలు ఆ పిల్ల స్నాప్‌చాట్ తెరవగానే "ఎక్కడున్నావో ఊరందరికీ చెప్పుకుంటావా, బుద్ధుందా?" అని కసురుతారు. చాటింపు వేసే హక్కు తమ చేయి దాటిపోతోందన్న ఉక్రోషం కాబోలు.

పిల్లలేమీ తక్కువ తినలేదు. స్నాప్‌చాట్ 2017లో మ్యాప్ తెచ్చింది. ఎవరికి కనపడాలో మనమే ఎంచుకోవచ్చు, ఘోస్ట్ మోడ్ పెట్టుకుని ఎవరికీ కనపడకుండానూ ఉండొచ్చు. కానీ అక్కడ ఫ్రెండ్ అంటే ఎవరు? స్కోరు పెరగాలని, స్ట్రీక్ తెగకూడదని యాడ్ చేసుకున్న 300 మందీ ఫ్రెండ్సే. నాన్న దగ్గర దాచిన సాయంత్రాన్ని ముఖమెరగని ఆ 300 మందికి కార్టూన్ బొమ్మ వేసి మరీ చూపిస్తారు. ఇదేమిటమ్మా అంటే ప్రైవసీ అంటారు. ఆ బొమ్మ రాత్రి పదింటికి ఏ గల్లీలో ఆగుతుందో నాలుగు రోజులు చూస్తే ఇల్లు తెలుస్తుంది. పొద్దున తొమ్మిదింటికి చూస్తే కాలేజీ తెలుస్తుంది. చూసేవాడు అడ్రసు అడగాల్సిన పని లేదు.

ఇక ఈ ధైర్యం అమ్మేవాళ్ల సంగతి. కుటుంబ భద్రత పేరుతోనే పెరిగిన అమెరికా యాప్ లైఫ్360, జనం కచ్చితంగా ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ఆ వివరాలను డేటా వ్యాపారులకు అమ్ముకుంటోందని ద మార్కప్ అనే వార్తాసంస్థ 2021 డిసెంబరులో బయటపెట్టింది. అల్లరయ్యాక ఆ అమ్మకం ఆపేస్తామని కంపెనీ చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2017 అక్టోబరులో, నార్వే వినియోగదారుల మండలి పిల్లల జీపీఎస్ వాచీలను పరీక్షించింది. వాటిలో కొన్నింటిలోకి బయటివాళ్లు చొరబడి పిల్ల ఎక్కడుందో చూడొచ్చని తేలింది. అంతేనా, పిల్ల ఒకచోట ఉంటే మరోచోట ఉన్నట్టు అమ్మానాన్నలకు చూపించొచ్చని కూడా తేలింది. మరుసటి నెలలోనే జర్మనీ, చాటుగా మాటలు వినిపించే వాచీలను నిషేధించి, ఇంట్లో ఉన్నవాటిని పగలగొట్టెయ్యమని తల్లిదండ్రులకు చెప్పింది. మన దగ్గర అలాంటి వాచీ పుట్టినరోజు కానుక.

చట్టం లేదా అంటే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 నిండనివాళ్లంతా పిల్లలే. కంపెనీలు వాళ్ల వెంటపడి నిఘా పెట్టకూడదు, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. కొన్ని మినహాయింపులున్నా, తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. బాగానే ఉంది. అనుమతి ఇవ్వాల్సింది మాత్రం ఆ ఓణీల వీడియో పెట్టిన పెద్దమనిషే.

అసలు ఈ భయం ఎవరి గురించి? సందు చివర నిలబడ్డ కొత్తవాడి గురించి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు తిరగేస్తే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసుల్లో ఏటేటా నూటికి 90 మందికి పైగా నిందితులు బాధిత పిల్లకు తెలిసినవాళ్లే. ఇంటివాళ్లు, పొరుగువాళ్లు, స్నేహితులు. అలాంటి మనిషి పక్కన పిల్ల కూర్చుని ఉన్నప్పుడు మ్యాప్ 'హోమ్' అని చూపిస్తుంది. నాన్నగారు నిశ్చింతగా ఫోన్ జేబులో పెట్టుకుంటారు. చుట్టాలింట్లో ఉంటే మరీ నిశ్చింత. పక్కన ఎవరున్నారో, ఏం జరిగిందో పిల్లే నోరు తెరిచి చెప్పాలి. చెబితే తన్నరన్న నమ్మకం ఉంటే చెబుతుంది. పది నిమిషాలకోసారి "అక్కడెందుకాగావ్?" అని నిలదీసే తండ్రికి ఏం చెబుతుంది? "ట్రాఫిక్ నాన్నా" అంటుంది.

లొకేషన్ పంపడమే తప్పని నేననను. చీకటి పడ్డాక ఆటో ఎక్కిన పిల్ల అమ్మకు లైవ్ లొకేషన్ పెట్టడం తెలివైన పని. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో తెచ్చిన టీ-సేఫ్ పద్ధతీ అదే. బయల్దేరితే కనిపెట్టుకుని ఉంటుంది, దిగగానే ఊరుకుంటుంది. పిల్లకు తెలిసి, పిల్ల ఇష్టపడి, తను నమ్మిన ఒకరిద్దరికి, ఆ ప్రయాణం మేరకు. స్నాప్‌లో 300 మందికి అక్కర్లేదు, నాన్నగారికి రాత్రింబవళ్లూ అక్కర్లేదు. ఈ మాత్రం ఇంగితం వాట్సాప్ వాళ్లకూ ఉంది. లైవ్ లొకేషన్‌కు మూడే గడువులు పెట్టారు: 15 నిమిషాలు, గంట, 8 గంటలు. పాపం, తెలుగు ఇళ్లలో వాడుకలో ఉన్న నాలుగో గడువు వాళ్లకు తట్టలేదు. పెళ్లయ్యేదాకా. ఆ తర్వాత లింకు అల్లుడుగారికి ఫార్వర్డ్ చేస్తారు.