గోరంత గోరు, కొండంత వైద్యం

నస్పూర్‌లో కాలిగోరు పాడైతే దాచుకోవాలి. నేను దాచుకోలేదు. ఎండాకాలం కదా అని బూట్లు మానేసి చెప్పులతో సీసీసీ కార్నర్‌కు పోయి చాయ్ చెప్పాను. అప్పటికి ఏడాదిగా నా కుడికాలి బొటనవేలి గోరు పసుపెక్కి, మందమై, అంచున పిప్పిపిప్పిగా రాలుతోంది. మొదటి గుటక ఇంకా గొంతు దిగలేదు. ఎదురు బల్ల మీది పెద్దాయన వంగి చూసి తీర్పు చెప్పేశాడు.

"పిప్పిగోరు తమ్మీ. వేపనూనె రాయి. వారంల పోతది."

"వేపనూనె ఏం జేస్తది కాకా? నిమ్మకాయ తొడగాలె" అన్నాడు పక్కనున్నాయన. హోటలాయన పాలగిన్నె దించి మరీ వచ్చాడు. "మా బావమరిది విక్స్ రాసిండన్నా. గోరు అద్దం లెక్కయింది."

చాయ్‌కి పైసలు తీసుకున్నారు. వైద్యం ధర్మానికే.

ఇది బొగ్గుబాయిల ఊరు. ఇక్కడ కాలిగోరు చిన్న విషయమేం కాదు. షిఫ్టు ఎనిమిది గంటలూ నీళ్లలో, బురదలో, బూటు లోపల సొంత చెమటలో నానిన కాలు బయటికొచ్చేసరికి రాత్రి నానేసిన బటానీలా ఉంటుంది. ఫంగస్‌కు అంతకన్నా మంచి క్వార్టర్ ఏం కావాలి? పైగా కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు. తొడల దగ్గర కనిపిస్తే తామర అంటాం, గోటికింద దూరితే పిప్పిగోరు అంటాం. చాలాసార్లు రెంటికీ కారణం ఒకటే, ట్రైకోఫైటాన్ రూబ్రమ్. గోరు దేనితో తయారైందో ఆ కెరాటినే దానికి మూడు పూటలా బువ్వ. అది తింటూ కూచునేది గోటి కింద. మనవాళ్లు రాసేదంతా గోటి మీద. ఇంటికప్పు మీద పసుపునీళ్లు చల్లితే అటక మీది ఎలుక చస్తుందా?

అయినా నేను నిమ్మకాయ తొడిగాను. తప్పు నాదే. మూతి కోసి, చాకుతో గుంట తవ్వి, బొటనవేలికి ఎక్కించి, ఊడకుండా పైన మేజోడు లాగి పడుకున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. "పొద్దున దిష్టి తీసి పారేస్తరా, పులిహోర కలపమంటరా?" అని లైటు ఆర్పింది. తెల్లారి చూస్తే గోరు ఎట్లున్నది అట్లనే ఉంది. పక్క చర్మం మాత్రం తెల్లగా ఉబ్బి భగ్గున మండింది. నిమ్మకాయ మన ఇళ్లల్లో గోరుచుట్టుకు వాడేది. అదీ చేతివేలికి. చీము పట్టిన వేలి మందును ఫంగస్ పట్టిన గోటికి బదిలీ చేసింది ఎవరో, ఆర్డరు ఎక్కడుందో చెప్పేవాడు లేడు.

విక్స్ సంగతి వేరు. దాని మీద నిజంగానే పరిశోధన జరిగింది. 2011లో అమెరికాలో 18 మంది గోళ్లకు 48 వారాలు రాయించి చూశారు. అయిదుగురికి పూర్తిగా నయమైంది, పదిమందికి కొంత మేలు, ముగ్గురికి ఏమీ లేదు. ఏమీ రాయని వాళ్లను పక్కన పెట్టి పోల్చలేదు. హోటలాయన బావమరిది కథలో ఈ 48 వారాలు ఎటుపోయాయో గానీ, ఆ పద్దెనిమిది మందీ రాసింది దాదాపు ఏడాది. మన దగ్గర మూడో రోజే డబ్బా పడిశం పట్టిన పిల్లవాడి దగ్గరికి పోతుంది.

అసలు "వారంల పోతది" అన్న మాట దగ్గరే నాకు అరికాలు మంట నెత్తికెక్కుతుంది. కాలిగోరు నెలకు పెరిగేది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. మూడు షిఫ్టులూ నడిపించినా, ఆదివారం కూడా ప్లేడే డ్యూటీ చేయించినా రోజు ఉత్పత్తి 0.05 మిల్లీమీటరు. వారానికి మిల్లీమీటరులో మూడో వంతు. పాడైన గోరు బాగుపడటమన్నది లేదు. మొదట్నుంచి కొత్తది తోసుకురావాలి, పాతది కత్తిరించుకుంటూ పోవాలి. బొటనవేలికి ఏడాది, ఏడాదిన్నర. సాక్షాత్తూ ధన్వంతరి దిగొచ్చి ఈ పూటే ఫంగస్‌ను చంపేసినా వచ్చే సంక్రాంతికి గానీ గోరు అద్దం కాదు. అంతలో మీరు పది మందులు మారుస్తారు. చివర రాసినదానికి పేరొస్తుంది.

విలియమ్ బీన్ అనే అమెరికా డాక్టరు తన ఎడమచేతి బొటనవేలి గోరు ఎంత పెరుగుతోందో 35 ఏళ్లు కొలిచాడు. 32 ఏళ్ల వయసులో రోజుకు 0.123 మిల్లీమీటరు, 67 ఏళ్లకు 0.095. అదంతా 1980లో అచ్చేశాడు. గోళ్లు గిల్లుకుంటూ కూచోవడమంటే మన దగ్గర పనిలేనితనం. ఆయన గోరు కొలుస్తూ కూచున్నాడు. ఒక్క గోటి గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి ఆ మనిషికి 35 ఏళ్లు పట్టింది. మా కాకకు ఒక్క గుటక చాయ్ పట్టింది.

నిమ్మకాయ, వేపనూనె నయం. గ్రీజు రాయమన్నవాళ్లున్నారు. జిల్లేడు పాలు పొయ్యమన్నవాళ్లున్నారు. వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టమని ఒక పెద్దవ్వ నిజమైన ప్రేమతో చెప్పింది. వెల్లుల్లి అట్లా కడితే చర్మం కాలిన బొబ్బలా లేస్తుంది. షుగరున్న మనిషికి కాలిలో స్పర్శ మొద్దుబారి ఉంటుంది, మంట తెలియదు, పుండు తెలియదు. గోటితో మొదలైంది వేలి దాకా, పాదం దాకా పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతలో కనీసం నాలుకే పోయింది.

ఇక చదువుకున్నవాళ్ల వైద్యం. వాళ్లు వేపనూనె జోలికి పోరు. మెడికల్ షాపుకు పోతారు. "తామరకు ఏదన్న ఇయ్యన్నా" అంటే వచ్చే ట్యూబులో ఫంగస్ మందుతోపాటు స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు పోతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. స్టెరాయిడ్ పూతమందులు చీటీ లేకుండా అమ్మవద్దని 2018లో కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగిన షాపు నాకింకా తగల్లేదు. 2020లో జపాన్ పరిశోధకులు మందుకు సరిగా లొంగని ఒక తామర ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. అందులో 'ఇండో' మనమే.

అన్నిటికన్నా పై చదువు ఒక సారుది. "కాలిగోరుతోని ఏం పనండీ? పరిణామంలో మిగిలిన చెత్త. పీకించెయ్యండి" అన్నాడు. సారూ, మీరు చెత్త అంటున్నది వేలి కొసకు వెనక గోడ. నడిచేటప్పుడు కింది నుంచి కండ ఒత్తుకుంటే పైనుంచి ఆపేది గోరే. బొటనవేలి గోరు పీకేస్తే ముందున్న కండ పైకి ఉబ్బి, తర్వాత వచ్చే గోటికి అడ్డంపడి, అది కండలోకే దిగబడొచ్చు. వయోమింగ్‌లో దొరికిన టైల్‌హార్డినా అనే బుల్లి ప్రాణి ఎముకల్ని బట్టి, దానికి సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందటే పంజాకు బదులు చదునుగోళ్లు ఉన్నాయని 2011లో తేల్చారు. మన బాయిల్లోని బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే కాబట్టి గోరు నిన్నమొన్నటిదే అనుకోండి. దక్షిణ అమెరికా మార్మోసెట్ కోతులు చెట్ల బెరడును పట్టుకోవడానికి మళ్లీ పంజాలాంటి గోళ్లకే మళ్లాయి, కాలి బొటనవేలికి తప్ప. కోతి కూడా వదులుకోని గోరు సారుకు చెత్తయింది.

పురాణం కావాలంటే అదీ ఉంది. పక్కనే ధర్మపురిలో గోదారి ఒడ్డున వెలసిన నరసింహస్వామి గోళ్లకు అందరూ మొక్కుతారు. అవి చేతిగోళ్లు. వామనుడు త్రివిక్రముడై కాలెత్తినప్పుడు బ్రహ్మాండం పెంకును చీల్చిందీ, గంగకు దారిచ్చిందీ ఎడమకాలి బొటనవేలి గోరని భాగవతం. ఆ గోటికి వేపనూనె రాయమని బలిచక్రవర్తి కూడా అనలేదు.

చివరికి మంచిర్యాల పోయి చర్మం డాక్టరుకు చూపించాను. గోటికింది పిప్పిని గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్కేసి, సూక్ష్మదర్శినిలో చూశారు. దారపు పోగుల్లా ఫంగస్ కనిపించింది. గోళ్ల జబ్బుల్లో దాదాపు సగమే ఫంగస్ అట. మిగతావి సొరియాసిస్, బూటు ఒరిపిడి, ఎప్పుడో తగిలిన దెబ్బ. అంటే చాయ్ హోటల్ మందులు కొందరి కాళ్ల మీద లేని శత్రువుతో యుద్ధం చేస్తున్నాయి. లివర్ పరీక్ష చేయించి, టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి, మూడు నెలలు రాశారు.

ఏడు నెలలైంది. కింది సగం గోరు గులాబీ రంగులో తోసుకొచ్చింది. మొన్న మళ్లీ అదే బల్ల, అవే చెప్పులు. కాక వంగి చూసి తొడ చరుచుకున్నాడు. "చెప్పిన్నా లేదా? వేపనూనె!" నిమ్మకాయాయన కొట్లాటకు దిగాడు. హోటలాయన విక్స్ అని పొయ్యి దగ్గర్నుంచే కేకేశాడు. గోలీలు మింగాను మొర్రో అన్నాను. "గోలీలు ఊకెనే మింగినవ్, వేడి జేస్తయి" అని ముగ్గురూ మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చారు.

లేస్తుంటే కాక వెనకనుంచి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, గొంతు తగ్గించి అడిగాడు: "తమ్మీ, గా గోలీలు ఏమన్న మిగిలినయా? మా అల్లునికి తామర."