పాలరంగు పళ్ళ మోజు

ఈమధ్య ఎవరింట్లో పెళ్ళి కుదిరినా వెనకే ఒక మాట వినపడుతోంది, "అమ్మాయికి పళ్ళు వైటెనింగ్ చేయించాం" అని. పట్టుచీరలు, మేకప్ చేసే మనిషి, డ్రోన్ కెమెరావాళ్ళు, వీళ్ళందరి సరసన పళ్ళ డాక్టరు కూడా చేరిపోయాడు. దానికో పెళ్ళికూతురి ప్యాకేజీ, ఇంకో వెయ్యి కలిపితే పెళ్ళికొడుక్కి కూడానట. ఒంగోలు వెళ్ళినా, గుంటూరు వెళ్ళినా క్లినిక్ బోర్డు మీద నిలువెత్తు నోరొకటి నవ్వుతూ ఉంటుంది. ఆ బోర్డు మీది పళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి పన్ను మనిషికి మొలవదు.

నేను బళ్ళో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. పిల్లలకు ఏటా బోర్డు మీద పన్ను బొమ్మ గీసి చూపించేవాణ్ణి. పైన ఉండేది పింగాణీ పొర, ఎనామిల్. దానికి సొంత రంగు పెద్దగా లేదు, వెలుతురును చాలావరకు లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉన్న డెంటిన్ పసుపు. మనకు కనిపించే పన్ను రంగు చాలావరకు ఆ లోపలి పసుపే. పాలపళ్ళు తెల్లగా ఉంటాయి. అవి ఊడాక వచ్చే పళ్ళలో లేత పసుపు జీర ఉండి తీరుతుంది. వయసు మీదపడేకొద్దీ పైపొర అరుగుతుంది, లోపలి పసుపు ఇంకాస్త బయటికి కనిపిస్తుంది. అరవై ఏళ్ళ మనిషి పళ్ళు పసుపుగా ఉంటే జుట్టు నెరిసినంత సహజం. ఈ సంగతి పదో తరగతి పిల్లవాడికి తెలుసు. లక్షల జీతాలు తెచ్చుకునే పెద్దవాళ్ళు మరిచిపోయారు.

మా రోజుల్లో తెల్లవారగానే పందుంపుల్ల విరిచేవాళ్ళం. వేప, కానుగ, అవి దొరక్కపోతే తుమ్మ. కొస నమిలి పీచు చేసి, ఒక్కో పన్నూ తోముకుంటూ చేనుగట్టు దాకా నడిచి, చివరికి పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకుని పారేసేవాళ్ళం. సజ్జరొట్టె నమలాలి, చెరుకుగడ చీల్చాలి, తేగ కొరకాలి. పన్నుతో పనేమిటో మాకు తెలుసు. దాన్ని అద్దంలో చూసుకుని మురిసే తీరిక ఎవరికుంది?

అలాగని నోట్లో పెట్టుకున్నదల్లా మంచిదని నేననను. ఇటుకపొడితో తోమినవాళ్ళున్నారు, కచ్చికతో, బొగ్గుతో, సన్న ఇసుకతో తోమినవాళ్ళూ ఉన్నారు. పళ్ళు తళతళలాడేవి నిజమే. కానీ ఎనామిల్‌లో ప్రాణమున్న కణాలు లేవు. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, అరిగిన ఎనామిల్ మాత్రం మళ్ళీ రాదు. ఇటుకపొడి పెద్దలు నడివయసుకే చల్లనీళ్ళు తాగలేక పుక్కిట పట్టి వెచ్చబడ్డాక మింగేవాళ్ళు. నా బాధంతా ఏమిటంటే ఆ బొగ్గే ఇప్పుడు నల్లటి ట్యూబులోకెక్కి మూడింతల ధరకు తిరిగొచ్చింది. దానికి రంగు విరిచే గుణం లేదు, పైపైన గీకే గుణమే ఉంది. అప్పుడు చేసిన చెరుపే ఇప్పుడూ చేస్తుంది. అప్పటివాళ్ళకు తెలియదు. ఇప్పటివాళ్ళు చదువుకుని చేస్తున్నారు.

మొన్న మా మనవరాలి పెళ్ళి ముందు నేనూ తోడు వెళ్ళాను, హైదరాబాదులో ఒక పెద్ద క్లినిక్‌కి. ముందు చిన్నచిన్న పింగాణీ పళ్ళ వరుస ఒకటి తెచ్చి పిల్ల పళ్ళ పక్కన పెట్టి చూశారు. షేడ్ గైడ్ అంటారు, ఎ నుంచి డి దాకా 16 రంగులు. "మీరు ఎ3లో ఉన్నారు, ఎ1కి తెస్తాం" అన్నారు. పెదాలు పక్కకు లాగిపట్టే ప్లాస్టిక్ చట్రం పెట్టారు. చిగుళ్ళ అంచున నీలం జిగురు పూసి లైటుతో గట్టిపరిచారు. ఆ తర్వాత సిరంజిలోంచి జెల్ తీసి పళ్ళ మీద పరిచారు. డబ్బా మీద చదివాను, 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. మా బడి ప్రయోగశాలలో ఆ సీసాను పిల్లల చేతికి అందకుండా పై అరలో పెట్టేవాళ్ళం, వేలి మీద పడితే చర్మం తెల్లగా పాలిపోయి మండుతుంది కాబట్టి. అందుకే చిగుళ్ళకు ఆ నీలం కాపలా. జెల్ నుంచి విడివడే ఆక్సిజన్ ఎనామిల్‌లోకి దూరి రంగు అణువులను ముక్కలు చేస్తుంది. పావుగంటకోసారి జెల్ పీల్చేసి మళ్ళీ కొత్తది పూశారు. మధ్యలో నీలిదీపం ఒకటి వెలిగించి దాని గురించి గొప్పగా చెప్పారు. పని చేసేది జెల్లే, దీపం వల్ల అదనంగా నిలిచే మేలు పెద్దగా లేదని చాలామంది డాక్టర్లే అంటారు.

అద్దం చేతికిచ్చారు. పిల్ల చూసుకుంది. ముందు పళ్ళు రెండింటి మీదా సున్నం గీతల్లా అడ్డంగా తెల్లటి చారలు. అంతకుముందు పరకాయించి చూస్తేగాని కనపడనివి ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఇదేంటి తాతయ్యా, ఉన్నదీ పోయింది" అంది. నాకు కోపం ఆగలేదు. పళ్ళలో తేమ ఆరిపోవడంవల్ల అలా కనిపిస్తాయి, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు సద్దుకుంటాయి, ఆ మాట ముందే చెప్పాలి. చెప్పలేదు. ఆ రాత్రి పళ్ళు జివ్వున లాగుతుంటే నిద్రపోలేదు, అదీ చెప్పలేదు. రెండు రోజులు కాఫీ, టీ, పసుపు తగలకూడదని మాత్రం కాగితం మీద రాసిచ్చారు. పెళ్ళివారింట్లో పసుపు తగలని కూర ఎక్కడ దొరుకుతుంది!

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది ఎవరూ అడగలేదు. "చిన్నప్పుడు ఏ ఊళ్ళో నీళ్ళు తాగావమ్మా?"

ఆ పిల్ల బడిలో వేసేదాకా మా దగ్గరే, కనిగిరి పక్కన మా ఊళ్ళోనే పెరిగింది. ఆ చారలు మా బోరు నీళ్ళవి.

ఆ ప్రశ్న అడిగిన డాక్టరొకాయన ఉండేవాడు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరుంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు అక్కడ ప్రాక్టీసు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. వాటిని గీకి పంపేసి ఊరుకోలేదు ఆయన. ఎవరికి వస్తున్నాయి, ఎవరికి రావడం లేదు, ఏ నీళ్ళు తాగినవాళ్ళు, ఎక్కడ పుట్టినవాళ్ళు అని ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని తేల్చేదాకా ఆ ప్రశ్న వదల్లేదు. ఒక్క మచ్చ కోసం 30 ఏళ్ళు. అదీ మా తరానికి ముందటి డాక్టరంటే. ఇప్పుడేమో కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే ప్యాకేజీ చేతికొస్తోంది.

ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ఉందని షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు రాశారు. వాళ్ళు చూసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. అంటే దేశానికి ఈ జబ్బు తెలిసిందే మా గడ్డ మీద. నల్లగొండ పేరు తర్వాత మారుమోగింది. పటికా సున్నమూ కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్ళు తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టారు.

మా బడిలో నేను చూసింది చెబుతాను. పదో తరగతి గ్రూపు ఫొటో తీయించేవాళ్ళం. ఫొటోగ్రాఫరు "నవ్వండి, నవ్వండి" అని గొంతు చించుకునేవాడు. ఒక్కరూ పెదవి విప్పేవాళ్ళు కాదు. ఆడపిల్లలు మాట్లాడితే చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. దగ్గరగా చూస్తే కొందరికి పాలిపోయిన సుద్దలాంటి తెలుపు, కొందరికి అడ్డంగా గోధుమ చారలు, ఇంకా ముదిరినవాళ్ళకు పన్ను మీద గుంటలు. "పళ్ళు తోముకోవడం రాదా" అని పరాయి ఊరినుంచి వచ్చిన పంతుళ్ళు కసిరేవాళ్ళు. ఆ పిల్లలు బూడిదతో చిగుళ్ళు నెత్తురు కారేలా తోమేవాళ్ళు. పోతుందా? పన్ను దవడలో తయారయ్యేటప్పుడే, ఎనిమిదేళ్ళలోపే, ఎనామిల్‌లోకి దిగిన మచ్చ అది.

ఇంకో సంగతి గమనించేవాణ్ణి. ఊరి ఆడపడుచు పళ్ళ మీద మచ్చలుంటాయి, అదే ఇంటికి కృష్ణ ఒడ్డునుంచి వచ్చిన కోడలి పళ్ళు శుభ్రంగా ఉంటాయి. ఇద్దరూ ఒకే బిందె నీళ్ళు తాగుతున్నా సరే. కోడలు వచ్చేసరికి ఆమె పళ్ళు తయారైపోయి ఉన్నాయి కదా. ఎముకలకు మాత్రం ఆ మినహాయింపు లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కోడలి నడుమూ మోకాళ్ళూ పట్టేసేవి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు మా ఆడపిల్లల్ని నవ్వమని అడిగి, చూసి, వెళ్ళిపోయి కబురు పెట్టేవాళ్ళు కాదు. బావి చేసిన తప్పుకు పిల్ల శిక్ష అనుభవించింది. ఆ అన్యాయాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

అందుకే మచ్చ పోగొట్టుకోవడానికి క్లినిక్‌కి వెళ్ళే మా ఊరి పిల్లని నేను తప్పు పట్టను. వెళ్ళాలి. పైపొరను పలచగా రుద్ది గోధుమ మచ్చను తీసే మైక్రో అబ్రేజన్ ఉంది, మచ్చ లోతుగా లేకపోతే దానితో బాగానే తగ్గుతుంది. గుంటలు పడ్డవాటికి కాంపోజిట్ పూత వేయొచ్చు. నా కోపమంతా నిక్షేపంలాంటి పళ్ళున్నవాళ్ళు వెనీర్లంటూ మంచి ఎనామిల్‌ని అరగదీయించుకుని రేకులు అతికించుకోవడం మీద. అరగదీశాక ఆ పన్నుకు జీవితాంతం ఏదో ఒక తొడుగు కావాల్సిందే, అదీ కొన్నేళ్ళకోసారి మార్చుకుంటూ.

మచ్చలన్నీ ఒకటి కావు. ఒక్క పన్నే నల్లబడిందంటే ఎప్పుడో దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది, దానికి ఎక్స్‌రే తీయాలి, జెల్ పూయడం కాదు. రూట్ కెనాల్ చేశాక ఆ పన్ను లోపల మందు పెట్టి తెలుపు తేవచ్చు. బూడిదరంగు పట్టీలుంటే పసితనంలో టెట్రాసైక్లిన్ మాత్రలు వేశారేమో తల్లిని అడగాలి. మా రోజుల్లో జ్వరమొస్తే పల్లెటూరి వైద్యుడు చంటిపిల్లలకూ గర్భిణులకూ ఆ మాత్ర ఇచ్చేసేవాడు. ఆ రంగు విరగాలంటే నెలల తరబడి ఇంట్లో ట్రేలు పెట్టుకోవాలి. ఐరన్ టానిక్ నలుపు, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు తెచ్చే గోధుమరంగు, టీ మరక, కిళ్ళీ గార, ఇవన్నీ పైపైవి, స్కేలింగ్ చేస్తే పోతాయి. స్కేలింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయని మా ఈడువాళ్ళు భయపడతారు. పళ్ళను వదులు చేసేది ఆ గారే.

పొగాకు గార దగ్గర మాత్రం తెలుపు గురించి మాట్లాడటమే నాకు తప్పనిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్ళు చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ కాల్చేవాళ్ళు. పళ్ళు నల్లబడటం అక్కడ చిన్న సంగతి, అంగిలికి క్యాన్సర్ వచ్చేది. పళ్ళపొడుల్లోనే పొగాకు కలిపి అమ్మేవాళ్ళు, 1992లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇప్పుడు గుట్కా తినే కుర్రాడు వైటెనింగ్‌కి వెళితే బుగ్గ లోపల తెల్లమచ్చ ఉందేమో, నోరు ఎంతవరకు తెరుచుకుంటుందో చూడకుండా జెల్ పూసి పంపే చోటు క్లినిక్ అనిపించుకోదు. యూరప్‌లో 2012 నుంచి 6 శాతం మించిన పెరాక్సైడ్ తెలుపు మందు అమ్మకూడదు, 18 ఏళ్ళ లోపువాళ్ళకు వాడకూడదు. ఇక్కడ ఇంటర్ చదివే పిల్లలు ఫోన్లో తెప్పించుకుని పూసుకుంటున్నారు.

ఇంత డబ్బు పోసినా ఆ తెలుపు నిలిచేది కొన్ని నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్ళు. ముందు పన్నుకు పింగాణీ తొడుగు ఉంటే దాని రంగు మారదు, చుట్టూ పళ్ళు తెల్లబడి అదొక్కటే పసుపుగా మిగిలిపోతుంది.

మా ఊరి మచ్చల్ని ఆపాల్సింది నీళ్ళ దగ్గరే. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలుపెట్టి నది నీళ్ళు ఇళ్ళకు పంపారు. మా వైపు వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా శ్రీశైలం నీళ్ళు వస్తాయని ఎదురుచూస్తూ ఒక తరం గడిచిపోయింది. మా ఊళ్ళో పసిపిల్లలున్న ఇళ్ళకు నేను చెప్పేది ఇప్పటికీ ఒకటే. సీసాడు బోరునీళ్ళు పట్టి గ్రామీణ నీటి సరఫరావాళ్ళ ల్యాబులో ఇవ్వండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు బిడ్డ నోటికి వద్దు. కాచి పట్టిస్తున్నాం కదా మాస్టారూ అంటారు తల్లులు. కాచితే క్రిములు పోతాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.