సిస్టర్ అని పిలిచి పెళ్లి చేసుకోవడం ఎలా?

ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. మా క్రైస్తవ కుటుంబాల్లో ప్రేమ పెళ్లిళ్లు జరగవు. గుంటూరు బ్రాడీపేటలో జరగవు, ఒంగోల్లో జరగవు, ఈ మధ్య డాలస్‌లోనూ జరగడం లేదని తెలిసింది. జరిగేవన్నీ దేవుని చిత్తాలే. మా చర్చిలో ముప్ఫై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను. క్వైర్‌లో ఆడపిల్లల వరస నుంచి మగపిల్లల వరసకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో, ఏ పాట దగ్గర ఏ కాగితం మడిచి ఉందో నాకు తెలుసు. అయినా ఆ జంటల్లో ఒక్కరూ ప్రేమించుకోలేదు. అందరికీ ప్రార్థనలో బయలుపరచబడింది.

కాబట్టి తమ్ముడూ, కాలేజీలో ఒకమ్మాయి నచ్చిందంటే ఆ అమ్మాయిని ఒప్పించడం పెద్ద పనేం కాదు. ఆ ముచ్చట నెల రోజుల్లో తేలిపోతుంది. నీ ఇష్టాన్ని దేవుని చిత్తంగా మార్చుకోవడమే అసలు పని. దానికి ఏళ్లు పడతాయి. యాకోబు రాహేలు కోసం లాబాను దగ్గర ఏడేళ్లు గొర్రెలు కాశాడు, తెల్లారి చూస్తే లేయా ఉంది, ఇంకో ఏడేళ్లకు ఒప్పుకున్నాడు. నీకు బీటెక్ నాలుగేళ్లు, బ్యాక్‌లాగులతో కలిపి అయిదు. తక్కువలో పోయిందనుకో.

ఈ మధ్యే మా తమ్ముడి కొడుకు ఈ దారంతా నడిచి ఒడ్డున పడ్డాడు. వాడు చేసిన మంచి పనులూ వెధవ పనులూ చూసి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయిని సిస్టర్ అని పిలవడం నేర్చుకోవాలి. కాలేజీ ప్రేయర్ సెల్‌లో అందరూ బ్రదర్లు, సిస్టర్లు. లంచ్ అవర్లో వేపచెట్టు కింద పదిహేను మంది, ఒక గిటారు, రెండు టిఫిన్ క్యారియర్లు. "వందనాలు సిస్టర్" అంటే "వందనాలు బ్రదర్" అంటుంది. ఇది విని మీ హిందూ స్నేహితులు తెల్లబోతారు. చెల్లెలని పిలిచిన పిల్లని ఎలా చేసుకుంటావురా అని నిలదీస్తారు. వాళ్లకి వివరించే ప్రయత్నం చెయ్యొద్దు. మా లోకంలో సిస్టర్ అన్నది వరస కాదు, గొడుగు. దాని కింద ఎంతసేపు నిలబడినా ఎవరూ తడవరు.

గొడుగు మూసిన రోజే ప్రమాదం. మావాడు రెండో సంవత్సరం క్రిస్మస్ ప్రోగ్రామ్ ప్రాక్టీసులో మైకు ముందు నిలబడి, ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచాడు. అంతే. తాళం వేసేవాడు తాళం ఆపేశాడు. గిటారు వాయించేవాడు పైకి చూశాడు. తర్వాత ఆరు నెలలు మావాడు "సిస్టర్ గారూ" అని పిలిచి ఆ తప్పు దిద్దుకోవాల్సి వచ్చింది. దాంతో అప్పటిదాకా తెలియనివాళ్లకి కూడా తెలిసిపోయింది.

ప్రపోజ్ చేయడానికి గులాబీలు, కేకులు, బీచ్‌లు అక్కర్లేదు. ప్రేయర్ సెల్ చివర్లో ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకరికి సెమిస్టర్ పరీక్షలు, ఒకరికి అమ్మమ్మ మోకాళ్లు. నీ వంతు వచ్చినప్పుడు తల వంచుకుని "నా జీవితంలో ఒక ముఖ్యమైన నిర్ణయం ఉంది, ప్రార్థించండి" అను. ఏ నిర్ణయమో చెప్పొద్దు. అవతలి వరసలోంచి రెండు నిమిషాల తర్వాత "నాకూ అలాంటి మనవే ఉంది" అని చిన్న గొంతు వినబడితే పని అయిపోయినట్టే. సాక్షులు పదిహేను మంది, పైగా అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఇంతకంటే భద్రమైన ఏర్పాటు ఏ సినిమాలోనూ చూడలేదు నేను.

ఇక ఆధారాలు సేకరించుకోవాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీస్తారు కదా, అది దాచుకో. అందులో ధైర్యం చెప్పే వాక్యం వస్తే ఇంట్లో ఎదురు తిరగమని. ఓపిక పట్టమని వస్తే ఉద్యోగం వచ్చేదాకా ఆగమని. పంటల గురించో గొర్రెల గురించో వచ్చినా కంగారు పడకు, రెండు సంవత్సరాల కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే పెళ్లి అర్థం దానంతటదే వస్తుంది. మావాడు మూడేళ్ల కార్డులు పర్సులో పెట్టుకుని తిరిగాడు.

ఉద్యోగం వచ్చాక ఇంట్లో చెప్పాలి. ఇక్కడ మా భాష కొంచెం నేర్చుకోవాలి, లేకపోతే పెద్దవాళ్లు ఏమంటున్నారో అర్థం కాదు. "ప్రార్థనలో పెడదాం" అంటే కుదరదని. "బాగా ప్రార్థించాలి" అంటే వాళ్లది సొంతిల్లో అద్దెదో తెలుసుకోవాలని. "ప్రభువు దగ్గర తొందర లేదు" అంటే మీ అక్కకి ఇంకా సంబంధం కుదరలేదని. అన్నిటికన్నా గట్టిది "నాకు సమాధానం లేదు" అన్నది. లోకంలో సమాధానం అంటే జవాబు, మా ఇళ్లలో సమాధానం అంటే మనశ్శాంతి. మమ్మీ వంటింట్లో అల్లం తరుగుతూ తలెత్తకుండా "నాకెందుకో సమాధానం లేదు నాన్నా" అందంటే జవాబు ఇంకా రాలేదనుకోకు. వచ్చేసింది.

మావాడికి ఆ సమాధానం లేకపోవడం నీళ్ల రూపంలో వచ్చింది.

మా వాళ్లు లూథరన్లు. 1842లో హయ్యర్ దొర గుంటూరులో దిగినప్పటి నుంచి మొదలైన లెక్క. నెలల పిల్లలప్పుడే నెత్తి మీద నీళ్లు చిలకరించుకున్నవాళ్లం. అమ్మాయి వాళ్లు ఒంగోలు బాప్టిస్టులు. వాళ్లకి బుద్ధి తెలిశాక నిండా మునిగితేనే బాప్తిస్మం. కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించిన క్లౌ దొర మిషను వాళ్లది. ఆ కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అమ్మాయి ముత్తాత వాళ్లలో ఒకడట. ఒంగోలు చుట్టుపక్కల నాకు తెలిసిన ప్రతి ఇంటి ముత్తాతా ఆ 2,222 మందిలోనే ఉన్నాడు. ఏరు అందరినీ ఎలా ఇముడ్చుకుందో ఆ ప్రభువుకే తెలియాలి.

రెండు నెలలు మా ఇంట్లో నీళ్ల గురించే మాట. "చిలకరింపు చాలదంటారట అన్నయ్యా, మావాణ్ణి మళ్లీ ముంచాలంటారట" అని మా తమ్ముడు. "ముంచకపోతే అది బాప్తిస్మం ఎట్లా అవుద్దండీ" అని ఫోనులో అమ్మాయి తండ్రి. యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నదిలో మోకాటి లోతుందా, నడుము లోతుందా అని మా బావ ఒక పుస్తకం తెచ్చాడు. ఇలాంటప్పుడు వాక్యాలు తీసి వాదించకండి. రెండు వైపులా వాక్యాలున్నాయి, రెండు వైపులా సమయముంది.

అసలు సంగతి నీళ్లు కాదని నాకు ఒక సాయంత్రం తెలిసింది. తెలిసిందని ఎందుకు, అంతకుముందూ తెలుసు. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని, "మనకి కులాలేంటి అన్నయ్యా, అందరం ప్రభువు బిడ్డలమే" అన్నాడు. టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "ఒంగోల్లో వాళ్లది ఏ పేటో కాస్త కనుక్కోగలవా?" అన్నాడు.

ఈ ఒక్కచోట వెటకారం పక్కన పెడతాను. గుంటూరు మిషను వైపు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు. ఒంగోలు మిషను వైపు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. దొరలు వచ్చారు, పోయారు, ఎవరి పల్లె వాళ్లకి ఒక చర్చి మిగిలింది. అందుకే "మీది ఏ సంఘమండీ" అన్న ప్రశ్న మా దగ్గర ఎంతో భక్తిగా వినబడుతుంది, అడిగినవాడికి కావాల్సిందీ తెలిసిపోతుంది. ఊరంతా మనల్ని దూరం పెట్టిందని ఏడ్చినవాళ్లమే మేము. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుచుకుంటాం. వియ్యం దగ్గరికి వచ్చేసరికి నీళ్ల లోతు కొలుస్తాం. కమ్మ, రెడ్డి కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవులు మాతో ఎలా ఉంటారన్నది ఇంకో వ్యాసం. దానికి ఈ పేజీలు చాలవు.

దీనికి నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే. ఇంట్లో ఒక నాయనమ్మ ఉండేలా చూసుకోండి. చెవులు సరిగ్గా వినబడకపోయినా ఫర్వాలేదు, నోరు బాగుంటే చాలు. మా అమ్మకి ఎనభై నాలుగేళ్లు. మూలన మంచం మీద పడుకుని రెండు నెలలు ఈ యొర్దాను చర్చంతా విన్నది. ఒక రాత్రి అందరూ అన్నాలు తింటుంటే లేచి కూర్చుని, "వాళ్లు మాదిగోళ్లని గదరా మీ బాధ. ఆ మాట అనే ధైర్యం లేక ఏటి మీదికి నెడతన్నారు" అంది. ఎవరూ తలెత్తలేదు. మా మరదలు పెరుగు గిన్నె అందుకుని మళ్లీ పెట్టేసింది. ఆ రోజు తర్వాత మా ఇంట్లో బాప్తిస్మం మాట ఎత్తినవాళ్లు లేరు. మావాడు మాత్రం మరునాడు పొద్దున్నే నాయనమ్మకి వేడివేడి పూరీ తెచ్చిపెట్టాడు.

తర్వాతివన్నీ చిన్న చిక్కులే. ప్రధానం, అంటే నిశ్చితార్థం, కార్డులో పేర్లు ఎలా వేయాలన్నది ఒకటి. చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉన్న బంధువులు మాకు బోలెడంతమంది. అబద్ధాలాడే సరదా ఉండి కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు, ఆంధ్రలో బీసీ-సీ అవుతాడు, దాని వాటా నూటికి ఒకటి. మతం మారితే ఊళ్లో కులం పోదు, కాగితం మీద మాత్రం పోతుంది. అందుకని కార్డు అచ్చువేయించే ముందు మేనమామలందరికీ ఫోన్లు చేసి, ఎవరిని ఏ పేరుతో వేయాలో అడిగి రాసుకోండి. ఒకాయన "కుటుంబ సభ్యులు అని వేసెయ్యండి, పేరొద్దు" అన్నాడు. అలాగే వేశాం.

నగల సంగతి ఇంకోటి. అమ్మాయి పిన్ని వాళ్లు ఈ మధ్య పెంతెకొస్తు సంఘానికి వెళ్తున్నారు, బంగారం పెట్టుకోరు. ప్రధానంలో ఉంగరం ఎందుకు, బైబిళ్లు మార్చుకుంటే చాలదా అన్నారు. బైబిళ్లూ మార్చుకున్నాం, ఉంగరాలూ మార్చుకున్నాం. ఉంగరాలప్పుడు ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

ప్రధానం రోజున ఇద్దరు పాస్టర్లను పిలిస్తే రెండు వాక్యోపదేశాలు ఉంటాయని ముందే లెక్కేసుకోవాలి. మేము వేసుకోలేదు. మా అయ్యగారు రిబ్కా బావి దగ్గరికి వచ్చిన కథ చెప్పారు, ఒంగోలు అయ్యగారు కానా పెళ్లి చెప్పారు. కానాలో ద్రాక్షారసం అయిపోయింది, మా దగ్గర రెండో పంక్తికే మటన్ అయిపోయింది. ఇంకా ఎవరూ లేవకముందే మావాణ్ణి సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యం అంటే ప్రభువు మిమ్మల్నిద్దరినీ ఎలా కలిపాడో చెప్పడం. దీన్ని ముందే రాసుకుని పది సార్లు చదువుకోవాలి. కాలేజీ, క్యాంటీను, బస్సు, సినిమా అన్న మాటలు కొట్టేసి చూసుకోవాలి. మావాడు బాగానే మొదలుపెట్టాడు, దేవుని నడిపింపు అన్నాడు, వాగ్దానం కార్డులు చూపించాడు. చివర్లో పక్కకి తిరిగి, "ఈ సిస్టర్‌ని నా జీవిత భాగస్వామిగా ఇచ్చినందుకు" అన్నాడు. హాలు ఒక్కసారిగా గొల్లుమంది. ఆ పిల్ల మాత్రం తల వంచుకునే "ఆమేన్ బ్రదర్" అంది. మా ఇంటికి తగిన పిల్లేనని నాకు అప్పుడు తెలిసింది.

ఇక పెళ్లి. మాకు ముహూర్తాలు లేవని సంతోషపడకండి. ఈస్టరు ముందు వచ్చే శ్రమ దినాలు నలభై రోజులు మా అయ్యగారు పెళ్లి చేయరు. డిసెంబరంతా కేరల్స్. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం మామూలుగా పొద్దున ఆరుకీ సాయంత్రం ఏడుకీ మధ్యనే పెళ్లి చేయమంటుంది, ఇద్దరు పాస్టర్లుంటే ఆ గడువు చాలా తక్కువ. అన్నీ చూసుకుని జనవరి చివరి వారం అనుకున్నాం. అంతకుముందు మూడు ఆదివారాలు రెండు చర్చిల్లో పెళ్లి ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అయ్యగారికి చెప్పుకోవచ్చు. నీళ్ల గురించైతే మాత్రం మా అమ్మతో చెప్పుకోండి.