అందం సరే, ఎన్ని టీఎంసీలు?

సముద్రం లేని జిల్లాల్లో పుట్టినవాళ్లకు తీరం మీద ఎంత మోజుంటుందో తీరం మీద పుట్టినవాళ్లకు చెప్పినా ఎక్కదు. మా ఆయనది నల్లగొండ, నాది పాలమూరు. ఆయన వైపు బోరేస్తే ఫ్లోరైడు పడేది, మా వైపు బండ పడేది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు తయారుచేసి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు టాంజానియా దాకా పోయింది. ఆ ముచ్చట చెప్పేటప్పుడు మా ఆయన ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటారు. మా పాలమూరు పేరు అంతకన్నా ముందే దేశం తిరిగింది, నెత్తిన తట్టతో. ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ పాలమూరు లేబర్ ఉండేవాళ్లు. నీళ్లు ఆపింది మావాళ్లు, అవి పారింది వేరేవాళ్ల పొలాలకు.

అందుకే మా ఇద్దరికీ నీళ్లను లెక్కగా చూడటం వచ్చు గాని అందంగా చూడటం రాదు. ఈ సంగతి తెలియని మా కొడుకు మమ్మల్ని తీరయాత్రకు పంపాడు.

“కృష్ణ ఒడ్డు, నల్లమల అడవి, మొసళ్లు, దుప్పులు, అదృష్టముంటే పులి. ఒక చిన్న బస్సు నిండా జనముంటరు, అందరితోని కలిసి పోవుడే. పెట్టెలు గిట్టెలు వద్దు నాయినా, వీపుకు ఒక బ్యాక్‌ప్యాక్ తగిలించుకోండ్రి” అన్నాడు ఫోన్లో. ఇరవై ఏళ్ల విదేశీ జంటలు అట్లనే తిరుగుతారట. మా ఇద్దరి వయసు కలిపితే నూటపాతిక దాటుతుంది. ఆ లెక్క వాడు వేసుకోలేదు.

మా ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఏ పని మొదలుపెట్టినా ముందు దానికి కావలసిన సామాను కొంటారు. గడియారం సెంటర్ దగ్గర దుకాణంలో కుర్రాడు “ఎన్ని లీటర్లది గావాలె సార్?” అని అడిగాడు. ఈయన కంగారు పడి “నీళ్లకు గాదు బాబూ, బట్టలకు” అన్నారు. బట్టల సంచీని కూడా లీటర్లలోనే కొలుస్తారని అప్పుడు తెలిసింది. అరవై లీటర్లది తీసుకున్నారు. ఇంటికొచ్చి దాన్ని మంచం మీద నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి, “నాలుగు బిందెలు” అన్నారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో మంచినీళ్ల బావి దూరం. ఆయన కొలతలన్నీ అక్కడే ఆగిపోయాయి.

నాలుగు బిందెల జాగా దొరికాక నేను ఊరుకుంటానా? సకినాల డబ్బా, జొన్నరొట్టెలు, పల్లిపొడి, రెండు దుప్పట్లు, జండూబామ్, వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టాను. ఎందుకైనా మంచిదని ఒక చెంబు కూడా. తెల్లవారుజామున బస్సు దగ్గరికి నడుస్తుంటే వెనకనుంచి చూసిన నాకు, సంచే కాళ్లు మొలిచి శ్రీశైలం మొక్కు తీర్చుకోను పోతున్నట్టు కనిపించింది.

గుంపు గురించి రెండు ముక్కలు. హైదరాబాద్ కొత్త దంపతులు ఇద్దరు, అసలు సిసలు బ్యాక్‌ప్యాకర్లు, సంచీ భుజాన ఉందన్న సంగతే వాళ్లకు గుర్తుండదు. మిర్యాలగూడ నుంచి రైస్‌మిల్లు సేటు, ఆయన భార్య, ఆమె ఆడబిడ్డ. అచ్చంపేట నుంచి ముగ్గురు టీచర్లు. ఇంకా ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీరు గారు. యాత్ర నడిపే కుర్రాడు మైకు పట్టుకొని “అంకుల్స్, ఆంటీస్, నేచర్‌ను ఫీలవ్వండి” అన్నాడు. ఆ మైకు ఆ తర్వాత ఇంజినీరు గారి చేతిలోకి పోయింది, మళ్లీ తిరిగి రాలేదు.

నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు గాని వైజాగ్ ఉంది. ఎగతాళి కాదు. దేవరకొండ దాటి నేరేడుగొమ్ము మండలంలోకి పోతే, నాగార్జునసాగర్ వెనక నీళ్ల ఒడ్డున ‘వైజాగ్ కాలనీ’ అని ఊరుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు కట్టుకున్న ఊరు. చుట్టూ గుట్టలు, నడుమ కంటికి ఆనినంత దూరం నీళ్లు, ఒడ్డున పడవలు, పొయ్యి మీద నూనెలో ఎర్రగా వేగే చేపలు. ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడికే. చేపలు వేయించే అమ్మాయిని “మీ అసలు వైజాగ్ ఎట్లుంటది బిడ్డా?” అని అడిగాను. “నాకేటి తెలుసమ్మా, నేనిక్కడే పుట్టేను” అంది. సముద్రం చూడని వైజాగ్ మనిషి దొరికేసరికి నా ప్రాణం లేచివచ్చింది.

పొద్దు గుంకుతోంది. నీళ్లన్నీ బంగారం రంగుకు తిరిగాయి. కొత్త దంపతులు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఫొటోలు దిగుతున్నారు. మా పెద్దబ్యాచి మాత్రం వరసగా నిలబడి ఎదురుగా బండ మీదున్న నీటి చారలు చూస్తోంది. “పోయిన వారం కన్న దిగినట్టుంది” అన్నారు మా ఆయన. “దిగదా మరి, ఎడమ కాలువకు ఇడిసిండ్రు” అన్నాడు సేటు. “ఇన్‌ఫ్లో గూడ తగ్గింది” అన్నారు ఇంజినీరు గారు. సూర్యుడు మునిగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

మర్నాడు సాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్య కాలమంతా యంత్రాల కన్నా మనుషుల చేతులే ఎక్కువ పనిచేశాయి. రాళ్లు, సున్నం, సిమెంటు నెత్తిన పెట్టుకొని వెదురు పరంజాల మీద బారులు కట్టి ఎక్కిన వాళ్లలో మా తాత ఒకడు. ఆ గోడ కింద నిలబడి “ఇందుల మా తాత మోసిన రాయి ఏడుందో” అన్నాను, ఎవరినీ అడగకుండానే. సేటు కాసేపు గోడ వంక, కాసేపు నా వంక చూశాడు. ఆయన మిల్లు ఆడేది ఎడమ కాలువ వడ్లతోనే. ఆ రాత్రి భోజనాల దగ్గర తన వాటా గులాబ్ జామ్ తెచ్చి నా పళ్లెంలో వేసి “తిను చెల్లె” అన్నాడు. పాలమూరు కూలి బాకీ అరవై ఏళ్లకు ఆ విధంగా కొంత తీరింది.

లాంచీ ప్రయాణం మాత్రం చెప్పుకోవలసినదే. సాగర్ నుంచి శ్రీశైలం దగ్గరి లింగాలగట్టు దాకా సుమారు 110 కిలోమీటర్లు, పగలంతా పడుతుంది. మొదట నీళ్లు విశాలంగా ఉంటాయి. నాగార్జునకొండ ఆనాడు లోయ మీది కొండ, ఇప్పుడు ద్వీపం. ఇక్ష్వాకుల విజయపురి నీళ్ల కింద ఉంటే, తవ్వితీసిన శిల్పాలు కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. ఇంకా పైకి పోతే మా ఆయన జిల్లాలో మునిగిన ఏలేశ్వరం. అక్కడ కూడా ముంపుకు ముందు పురావస్తు శాఖ వాళ్లు తవ్వి పాత గుళ్లు, కట్టడాలు బయటపెట్టారు. “ఊరికి ఊరే మునిగిందా!” అని అచ్చంపేట టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. “ఎన్నెకరాలు?” అన్నాడు సేటు.

క్రమంగా కొండలు రెండువైపుల నుంచీ దగ్గరికొస్తాయి. నది ఎడమ ఒడ్డు తెలంగాణ, కుడి ఒడ్డు ఆంధ్ర. మేం ప్రవాహానికి ఎదురు పోతున్నాం కాబట్టి లాంచీలో అది తిరగబడింది. మాకు కుడిచేతి వైపు తెలంగాణ వచ్చింది. ఇది అర్థం చేసుకోవడానికి పెద్దవాళ్లకు ఏలేశ్వరం నుంచి మధ్యాహ్న భోజనం దాకా పట్టింది. కొందరు ఆంధ్ర కొండలను చూసి “మన నల్లమల, మన నల్లమల” అని చాలాసేపు మురిసిపోయారు కూడా. నిజానికి నల్లమల రెండు ఒడ్లకూ ఒకటే. 2014కు ముందు రెండువైపులా కలిపి ఒకే పులుల అభయారణ్యం ఉండేది, నాగార్జునసాగర్–శ్రీశైలం అని.

కొత్త పెళ్లికూతురు అడగకూడని ప్రశ్న అడిగింది. “అంకుల్, అందరూ టీఎంసీ టీఎంసీ అంటున్నారు, అదేంటి?” ఇంజినీరు గారు మైకు సవరించుకున్నారు. ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 312 పడుతుంది. శ్రీశైలం 885 అడుగులు, అక్కడా పూడికే. మేం ఆనుకొని కూర్చున్న ఆ అందమంతా అడుగున మట్టి మేస్తోందన్నమాట. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆమె బాధ చూడలేక మా ఆయన ఫోన్ తీసి, తన అరవై లీటర్ల సంచీతో లెక్కేసి, “ఒక్క టీఎంసీ ఎత్తిపోయాలంటే ఇటువంటి సంచీలు 47 కోట్లు గావాలె బిడ్డా” అని ఓదార్చారు. లెక్క సరిగ్గానే ఉందని ఇంజినీరు గారు ధ్రువీకరించారు.

అప్పుడే మొసలి కనిపించింది. ఒడ్డున బండ మీద నోరు తెరుచుకొని ఎండ కాగుతోంది, తెలంగాణ వైపు. లాంచీ అంతా ఒకపక్కకు ఒరిగింది. నడిపేవాడు “అందరూ ఒక్కపక్కకు రావొద్దు” అని అరిచాడు. ఆ అరుపుకో, మా ఫోన్లకో మొసలి నోరు మూసి, జారి, నీళ్లలో దిగి, మేం చూస్తుండగానే నదిని అడ్డంగా దాటి అవతలి ఒడ్డు దగ్గర తల ఎత్తింది.

“ఇగో, పాయె! మనది గూడ అటే పాయె!” అని సేటు నెత్తి కొట్టుకున్నాడు.

ఇంజినీరు గారు మైకులో, కృష్ణలో 811 టీఎంసీలకు ఆంధ్రకు 512, తెలంగాణకు 299, అంటే సుమారు 63కు 37 చొప్పున పంపకం ఉంది గాని మొసళ్ల విషయం ఏ ట్రిబ్యునలూ తేల్చలేదని వివరించారు. అంత గంభీరంగా చెప్పేసరికి ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. రెండు రాష్ట్రాల నీళ్ల తగాదాలో సాగర్ 26 గేట్లకు సరిగ్గా నడుమ కంచె వేసిన రోజులు 2023 నవంబరులో చూసినవాళ్లం కదా. పొరుగు రాష్ట్రానికి అంత నిబ్బరంగా పోయిరావడం మొసలికే చెల్లింది.

శ్రీశైలంలో అందరూ చేసేదే మేమూ చేశాం. దర్శనం, ప్రసాదం, ఆనకట్ట 12 గేట్ల ఎదుట ఫొటో. దాని గురించి రాస్తే మీకు కొత్త లేదు.

కొత్తది దోమలపెంట దాటాక మొదలైంది. ఘాట్ ఎక్కి వటవర్లపల్లి మీదుగా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి. 2,611 చదరపు కిలోమీటర్లు, పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నెత్తి మీది అడవి. అంటే నా పుట్టింటికీ అత్తింటికీ ఉమ్మడి ఆస్తి. ఫరహాబాద్ దగ్గర నిజాం కాలపు వేట బంగళా గోడలు ఇప్పటికీ ఉన్నాయి. మాకు దారి చూపడానికి చెంచు యువకుడు ఎక్కాడు. “సప్పుడు జేయొద్దు” అన్నాడు. జీపులో నిశ్శబ్దం అలుముకుంది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన సకినం కొరికారు. నల్లమలలో ఆ చప్పుడు వినని జీవం ఉండదు. ఆ తర్వాత మేం చూసినవన్నీ పరుగెడుతున్న దుప్పుల వెనక భాగాలే.

ఆ కుర్రాడు మాత్రం ఓపికగా చూపించాడు. చెట్టు బెరడు మీద పులి గోళ్ల గీతలు, చెదల కోసం ఎలుగు తవ్విపోసిన పుట్ట, కొమ్మ మీద కూర్చొని మమ్మల్ని తీరిగ్గా పరిశీలించిన పెద్ద బెట్టుడుత. ఒకచోట నేలలో వెడల్పాటి సిమెంటు గుంట ఉంది, అంచున బురదలో పులి పంజా ముద్ర. అందరూ ముద్ర ఫొటో తీస్తుంటే మా ఆయన గుంట చుట్టూ తిరిగి “ఇందుల నీళ్లు ఏడికెల్లి వస్తయి బాబూ?” అని అడిగారు.

“ఎండకాలం ట్యాంకరు దెచ్చి పోస్తరు సార్. చెలిమెలు ఎండిపోతయి గద.”

మా ఆయన నా ముఖం చూశారు. నేను ఆయన ముఖం చూశాను. కింద లోయలో కృష్ణ నిండుగా పారుతుంటే, గట్టు మీద పులి ట్యాంకరు కోసం ఎదురుచూస్తోంది. ఎత్తిపోస్తే తప్ప పైకి ఎక్కని నీళ్ల కథ మా రెండు జిల్లాల్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? యాత్ర మొత్తంలో పులి కనిపించలేదని గుంపంతా గునిసింది గాని, మాకు మాత్రం అది చిన్ననాటి నుంచీ తెలిసిన మనిషే అనిపించింది. ఇంజినీరు గారు కూడా ఆ పూట మైకు అడగలేదు.

మీరూ పోవాలనుకుంటే వానాకాలం వెళ్లాక పొండి. సాగర్‌లో నీళ్లు బాగా ఉంటేనే శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది కాబట్టి, టికెట్టుకు ముందు పేపర్లో నీటిమట్టం చూసుకోండి. అడవిలో ప్లాస్టిక్ పారేయకండి, దారిలో కోతులకు ఏమీ పెట్టకండి. నా మాట విని సకినాలు ఇంట్లోనే తిని బయల్దేరండి. ఆ దోమలపెంట రోడ్డు మీద అడవి గేట్లు రాత్రి 9కి మూస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. మా సేటు లాగా “మనోళ్లున్నరు, తీపిస్త” అని ఫోన్ తీయకండి. 9 దాటాక ఆ రోడ్డు మీద మనోళ్లంటూ ఉంటే అవి పులులే.