గిటారు చెవులు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి ఒక నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడట, అక్కరలేనిది చెప్పడట. ఆయన ఇంటిపేరు కొలచలం. అది మెదక్ జిల్లా కొల్చారమేనంటారు. మా నల్లగొండకు మరీ దూరమేమీ కాదు. అయినా ఆ నియమంలో మొదటి సగమే నాదాకా వచ్చింది. రెండో సగం హైదరాబాదులో బస్సు మారేచోట తప్పిపోయినట్టుంది.

నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా మేనల్లుడు ఒక పాత గిటారు కొన్నాడు. వారం తిరక్కముందే వచ్చి, "మామా, ట్యూనింగ్ ఆగుతలేదు. కీలు మార్పియ్యాలె" అన్నాడు. ఎనిమిది వందలు పెట్టి కొత్తవి తెప్పించాం. బిగించాం. ఆ తర్వాత నా నోట ఈ ఆటవెలది వెలువడింది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కనుక కవిహృదయం గురించి తగాదా రాదు.

మూలం

చెవులు పిండి పిండి చేయి నొచ్చిన గాని
శ్రుతికి రాదు తీగ చూడు మరల
మరలు మార్చినంత మాత్రాన మేలౌనె
నట్టు చూడవయ్య నల్లగొండ!

ప్రతిపదార్థం

చెవులు = గిటారు తలకు రెండు పక్కలా మూడేసి చొప్పున ఉండే ట్యూనింగ్ కీలు. అంగడివాళ్లు మెషిన్ హెడ్స్ అంటారు. వీణకైతే ఇవే బిరడలు. ప్రాణం లేనిదానికి చెవులేమిటంటారా? మెలిపెడితే దారికొస్తుందన్న ఆశతో లోకం మెలిపెట్టేది చెవినే కనుక రూపకం చెల్లుతుంది. వీణ బిరడ కట్టెది. కట్టె రంధ్రంలో కట్టె బిగువే దానికి ఆధారం. జారితే సుద్ద పూస్తారు. గిటారు చెవి లోపల ఒక మరమేకు, దాన్ని ఆనుకొని ఒక పళ్లచక్రం ఉంటాయి. మరమేకు చక్రాన్ని తిప్పగలదు, చక్రం మరమేకును తిప్పలేదు. అందుకే తీగ ఎంత లాగినా చెవి వెనక్కి తిరగదు. హుకుం ఒకవైపే నడిచే ఏర్పాటు ఇది. సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

పిండి పిండి = మళ్లీ మళ్లీ మెలిపెట్టి. జొన్నపిండి, సజ్జపిండి అని పాలమూరు వారు అర్థం చెప్పుకుంటే ఆకలి తీరుతుంది గానీ అన్వయం కుదరదు. ఇది ఆమ్రేడితం. ఎన్నిసార్లు పిండాలన్నదానికి శాస్త్రం ఉంది. డబ్బా మీద 14:1 అని ఉంటే, చెవి పద్నాలుగు చుట్లు తిరిగినప్పుడు తీగ చుట్టుకునే కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతుంది. 18:1 అయితే పద్దెనిమిది చుట్లకు ఒక్కటి. అంటే చెవిని ఒక చుట్టు తిప్పితే మొదటి రకంలో కడ్డీ 26 డిగ్రీలకు కాస్త తక్కువ, రెండో రకంలో సరిగ్గా 20 డిగ్రీలు కదులుతుంది. అంకె పెరిగేకొద్దీ శ్రుతిని సన్నంగా పట్టుకోవచ్చు. పట్టుకున్న శ్రుతి నిలవడం మాత్రం వేరే సంగతి. అమ్మేవాడు ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి ఇస్తాడు.

చేయి నొచ్చిన గాని = చేయి నొప్పి పుట్టినా. సులభం.

శ్రుతికి రాదు తీగ = తంత్రి తన స్థాయికి చేరదు, చేరినా నిలవదు. ఆరు తీగల్లో అన్నింటికన్నా లావుపాటిది సెకనుకు సుమారు 82 సార్లు కంపించాలి, సన్నపాటిది 330 సార్లు. అంటే నాలుగింతలు, రెండు స్థాయిల ఎడం. ఉక్కు తీగల గిటారు మీద ఈ ఆరూ కలిసి లాగే బలం 70 కిలోల పైచిలుకు. మిర్యాలగూడ మిల్లుకు పోయే వడ్ల బస్తా 40 కిలోలు. దాదాపు రెండు బస్తాల బరువును ఆ ఆరు చెవులు రాత్రింబగళ్లు మోస్తున్నాయి. వాటిని తిట్టేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

చూడు మరల = ఇక్కడ శ్లేష. మరల అంటే తిరిగి, మళ్లీ. మరల అంటే యంత్రాల వైపు అని కూడా. మేనల్లుడు రెండో అర్థం వెంట అంగడికి పోయాడు. కవి మొదటి అర్థంలో అన్నాడు. ఎనిమిది వందల తేడా.

మరలు మార్చినంత మాత్రాన = కీలు మార్చినంతనే. ఇది చెప్పినంత తేలిక కాదు. కడ్డీ దూరే రంధ్రం కొత్తరకం మూతమరలకు సాధారణంగా 10 మిల్లీమీటర్లు ఉండాలి, పాతరకానికి అంతకన్నా సన్నం. కొలవకుండా కొంటే బెజ్జం తొలవాల్సి వస్తుంది. వెనక స్క్రూ రంధ్రాలు కొత్తవాటితో కలవడం అదృష్టం. మాకు కలవలేదు. పాత బెజ్జాల్లో అగ్గిపుల్లలు, ఫెవికాల్ కూరి, ఆరాక కోసేశాం. కొత్తచోట సన్న బెజ్జం ముందే పెట్టుకోవాలి, లేకపోతే స్క్రూ తల తెగి కట్టెలోనే సమాధి అవుతుంది. ముందువైపు కడ్డీ చుట్టూ ఉండే బుష్ బిగించడానికి పది నంబరు పానా కావాలి. దానికోసం గడియారం సెంటర్ దగ్గర బండ్ల మెకానిక్కు చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "గిది ఏ మోడల్ సారూ?" అన్నాడు. పానా ఇచ్చాడు, పైసలు తీసుకోలేదు.

మేలౌనె = మేలు అవుతుందా? కాదని భావం.

నట్టు = ఈ పదంలోనే పద్యం ప్రాణం ఉంది. గిటారు మీద నట్లు రెండు రకాలు. పానాతో బిగించేది ఒకటి. మెట్ల మొదట్లో, తలకు కాస్త కిందుగా, అడ్డంగా కూర్చున్న చిన్న ముక్క ఇంకొకటి. బొక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు. ఆరు గాళ్లుంటాయి, గాడికొక తీగ. మొదటి నట్టుకోసం ఊరంతా తిరిగినవాడికి రెండోది కంటపడలేదని కవి ఎత్తిపొడుపు. గాడి ఇరుకైతే తీగ అందులో బిగుసుకుంటుంది. చెవి తిప్పితే గాడికి అవతల, తలవైపు తీగ మాత్రమే బిగుస్తుంది, వాయించేవైపు కదలదు. ఇంకాస్త తిప్పితే 'టింగ్'మని ఒక్కసారి జారి శ్రుతిని దాటిపోతుంది. వాయిస్తుంటే మళ్లీ జారుతుంది. నేరం గాడిది, దెబ్బలు చెవికి.

నల్లగొండ = ఓ నల్లగొండ వాడా. ఊరిని పిలిస్తే మనిషి ఎలా పలుకుతాడంటారా? గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అన్నట్టే ఇదీ లక్షణ.

శంకా సమాధానాలు

శంక: 'చూడు' అని రెండో పాదంలో చెప్పి, నాలుగో పాదంలో మళ్లీ 'చూడవయ్య' అనడం పునరుక్తి దోషం కాదా?

సమాధానం: కాదు. మొదటి చూపు మరల మీద, రెండో చూపు నట్టు మీద. ఒక్క చూపుతోనే తెలిసిపోతే వ్యాఖ్యాతలు ఎలా బతకాలి?

శంక: కారణం ఒకచోట, కార్యం ఒకచోట అనడానికి దృష్టాంతం?

సమాధానం: దూరం పోనక్కరలేదు, పానగల్లు పోదాం. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. పొద్దు కదిలినా అది కదలదు. ఏ స్తంభం నీడ అని వెతికేవాడు గర్భగుడి ముందున్న స్తంభాన్ని అనుమానిస్తాడు. దాన్ని పీకి కొత్తది పాతుదామని ఇన్ని వందల ఏళ్లలో ఎవరూ అనలేదు. గిటారుకు ఆ గౌరవం దక్కలేదు.

శంక: పరదేశపు వాద్యానికి తెలుగులో టీక ఎందుకు?

సమాధానం: తీగ, మెట్టు, బుర్ర మనకు కొత్తవా? ఉమ్మడి పాలమూరు కిన్నెర చూడండి. వెదురు దండి, సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికిన మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట మనిషి. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఆ తీగల మీద నడిచింది. కిన్నెరకు పళ్లచక్రాలు లేవు, 18:1 లేదు. శ్రుతి తప్పితే వాయించేవాడి చెవే పట్టుకోవాలి. గిటారువాడు ఆరు చెవులు కొన్నాడు. తలకు రెండు పక్కలా ఉన్న సొంత చెవులు మాత్రం మార్చడానికి దొరకవు.

శంక: అయితే మరలు ఎన్నడూ మార్చరాదా?

సమాధానం: మార్చాలి, లక్షణాలుంటే. చెవి తిప్పినా కడ్డీ కదలకపోవడం, పళ్లు అరిగి జారడం, వాయించేటప్పుడు తొడుగు గలగలలాడడం. మూడింట్లో ఒక్కటున్నా చాలు. లేనప్పుడు ముందు తీగ చుట్టిన తీరు చూడాలి. లావు తీగ కడ్డీ మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి, పక్కపక్కనే పడాలి. అడ్డదిడ్డంగా పడిన చుట్లు సర్దుకుంటూనే ఉంటాయి, శ్రుతి దిగుతూనే ఉంటుంది. కొత్త తీగను నాలుగైదుసార్లు మెల్లగా లాగి సాగనివ్వాలి. శ్రుతి పెంచుతూ ఆపాలి, దించుతూ ఆపరాదు. ఎక్కువైతే బాగా కిందికి దించి మళ్లీ పైకి రావాలి. పళ్లకూ మరమేకుకూ నడుమ ఉండే సందు అలాగే మూసుకుంటుంది.

ఛందోలంకారాలు

ఛందస్సు ఆటవెలది. యతిస్థానాలు చె-చే, శ్రు-చూ, మ-మా, న-న. రెండో పాదం 'మరల'తో విడిచి మూడో పాదం 'మరలు'తో అందుకోవడం ముక్తపదగ్రస్తం. విడిచినచోటే పట్టుకోవడం కవికి అలంకారం, పళ్లచక్రానికి పని. 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులు చోటు సంపాదించారు. 355వ వాడిగా నా పేరు సిఫారసు చేయడానికి ఆ సంచిక కూర్చిన సురవరం వారు లేరు, అది నా అదృష్టం.

తాత్పర్యం

ఓ నల్లగొండ వాడా! చేయి నొచ్చేదాకా కీలు తిప్పినా తీగ శ్రుతిలో నిలవకపోతే మళ్లీ ఒకసారి చూడు. కీలు మార్చినంతలో బాగుపడదు, తీగ కూర్చునే గాడి చూసుకో.

ఫలశ్రుతి

మేం మరలు మార్చిన మర్నాడు కూడా శ్రుతి దిగింది. అప్పుడు నా పాత పెన్సిల్ చెక్కి, ఆ గ్రాఫైట్ ఆరు గాళ్లలోనూ రాశాను. 'టింగ్' ఆగింది. కొత్త కీలు మెత్తగా తిరుగుతున్నాయి, కాదనను. పాతవి డబ్బాలో ఉన్నాయి, ఒక్క పన్నూ అరగలేదు. కనుక ఈ టీక చదివినవారు ముందు ఐదు రూపాయల పెన్సిల్ కొని, వారం ఆగి, అప్పటికీ నిలవకపోతేనే పానా పట్టవలసింది.