ముందు పిల్లాణ్ణి చూడండి

మా రోజుల్లో "మావాడికి తెలివి ఎంతుందో చూడండి సార్" అంటూ వచ్చిన తల్లిని మేం మొదట అడిగే మాట, "చెవులు చూపించావా అమ్మా?" అని. చెవిలో చీము కారుతూ పాఠం సగం వినబడని పిల్లాణ్ణి బళ్ళో మొద్దు అని ముద్ర కొట్టి వెనక బెంచీలో కూర్చోబెట్టేవాళ్ళు. అందుకే ముందు చెవి, కన్ను, థైరాయిడ్ రక్తపరీక్ష. అవి తేలాకే మా గదిలోకి. ఇప్పుడో? రెండున్నరేళ్ళ పిల్లకు మాటలు రాలేదని తీసుకెళ్తే, వినికిడి పరీక్ష ఊసే లేకుండా ఆటిజం ఫారం చేతిలో పెట్టేవాళ్ళను చూస్తున్నాను. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ప్రభుత్వాసుపత్రిలో పిల్లల సైకాలజిస్టుగా చేసి రిటైరయ్యాను. మా గదిలో సామాను తక్కువ. కామత్ గారు 1930ల్లో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తిరగరాసిన బినే తెలివి పరీక్ష ఉండేది. నాగపూర్‌లో మాలిన్ గారు 1969లో మన దేశపు పిల్లలకు మలిచిన తెలివి కొలిచే స్కేలు ఉండేది. ఓ స్టాప్‌వాచ్, ఓ చాప. వీటన్నిటికంటే నాకు ఇష్టమైంది సెగ్విన్ బోర్డు. చెక్క పలకలో నక్షత్రం, ప్లస్ గుర్తు, అర్ధవృత్తం, ఇలా పది గుంటలు, వాటిలో సరిగ్గా కూర్చునే పది ముక్కలు. ముక్కల్ని మూడు దొంతర్లుగా పేర్చి, "గబగబా పెట్టెయ్ నాన్నా" అనేవాళ్ళం. మూడుసార్లు పెట్టించి, అందులో తక్కువ పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుని పట్టికలో చూస్తే మానసిక వయసు తెలుస్తుంది.

కానీ గడియారం చెప్పేది ఒకటి, వేళ్ళు చెప్పేది ఇంకొకటి. ఒకడు నక్షత్రాన్ని తీసుకెళ్ళి ప్లస్ గుంటలో పెట్టి, పట్టకపోతే అరచేత్తో గుద్దుతాడు. ఇంకొకడు ముక్కను గాల్లోనే తిప్పి చూసుకుని మెల్లగా దించుతాడు. ఒక పిల్ల సరిగ్గానే పెడుతుంది గానీ ప్రతి ముక్కకీ అమ్మ మొహం చూస్తుంది. ముగ్గురికీ సెకన్లు ఒకటే రావచ్చు, చెయ్యాల్సిన సాయం మాత్రం ఎవరిది వాళ్ళదే. మరొకడు అసలు పెట్టడు. గుండ్రటి ముక్కను నేలమీద బొంగరంలా తిప్పుతూ దాన్నే చూస్తుంటాడు, పేరు పెట్టి పిలిచినా తల తిప్పడు. వాడి గురించి నేను పేజీ నిండా రాసుకునేవాణ్ణి. ఇవాళ్టి రిపోర్టుల్లో ఆ పేజీ కనబడదు. స్కోర్లుంటాయి, రంగుల గ్రాఫులుంటాయి, పిల్లాడుండడు.

తల్లితో మాట్లాడడానికే ఒక పూట పట్టేది. వైన్‌లాండ్ స్కేలంటే పిల్లాడు ఇంట్లో రోజూ ఏం చేస్తాడో అడగడమే గదా. అన్నం తనే కలుపుకుంటాడా? గుండీలు పెట్టుకుంటాడా? కొట్టుకెళ్ళి సరుకు తెస్తాడా? "తెస్తాడు సార్, చిల్లర తక్కువిస్తే అక్కడే పోట్లాడతాడు కూడా" అంది ఒక తల్లి. ఆ పిల్లాడికి బళ్ళో లెక్కల్లో సున్నా. నోటుపుస్తకం తెప్పించి చూస్తే ఆరో తరగతి పిల్లాడికి మ, య తేడా లేదు, ఒక్క మాటలోనూ వత్తు లేదు. లెక్క రాక కాదు, లెక్కను చదవలేక. "తెలివి బాగానే ఉంది, చదవడం దగ్గరే ఇబ్బంది" అని రాసి పంపితే బడివాళ్ళు పక్కన పడేశారు. పడెయ్యరూ మరి, 1995 వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు వైకల్యాల్లో అది లేదు.

ఈ విషయంలో నేటి రోజులే మేలు, అది మనస్ఫూర్తిగా చెబుతాను. 2016 చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను గుర్తించింది, ఆటిజం, అభ్యసన వైకల్యం రెండూ అందులో ఉన్నాయి. ఆటిజాన్ని అంచనా వేసే నలభై అంశాల భారతీయ స్కేలు 2009లో మన సికింద్రాబాద్ బోయినపల్లిలో ఉన్న మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకే వెళ్ళి పిల్లల్ని చూడాలి. మా కాలంలో పిల్లాడికి ఏడెనిమిదేళ్ళు వచ్చాక గానీ మా గడప తొక్కేవాళ్ళు కాదు. ఇప్పుడు రెండేళ్ళకే వస్తున్నారంటే సంతోషమే.

వచ్చినవాళ్ళకు దొరుకుతున్నదేమిటి మరి? ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లను, చదివేది ఇంగ్లీషు మీడియం అని ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారు. పిల్ల బిక్కమొహం వేస్తుంది, స్కోరు పడిపోతుంది. అదే ప్రశ్న తెలుగులో అడిగితే గలగలా చెప్పే పిల్ల! ఆ రిపోర్టూ ఇంగ్లీషులోనే. తండ్రి దాన్ని పట్టుకుని నా దగ్గరకొచ్చి "ఇందులో ఏముంది సార్?" అంటాడు. చివరి పేజీలో వారానికిన్ని థెరపీలని ప్యాకేజీ ఉంటుంది, ఇంట్లో ఏం చెయ్యాలో ఒక్క ముక్క ఉండదు. జ్వరం ఎంతుందో చెప్పి మందు రాయకుండా పంపినట్టు. 1905లో పారిస్‌లో బినే, సైమన్ మొట్టమొదటి స్కేలు తయారుచేసిందే బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించి, వాళ్ళకు తగినట్టు చదువు చెప్పడం కోసం. తెలివి ఎప్పటికీ మారనిదన్న వాదాన్ని బినేనే ఒప్పుకోలేదు.

అందుకని ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలకు, అంటే నా మనవల ఈడు సైకాలజిస్టులకు ఒకటే చెబుతున్నాను. రిపోర్టులో ఒక్క పేజీ తెలుగులో రాయండి. రేపు పొద్దున్నుంచి అమ్మ ఏం చెయ్యాలి, టీచరు ఏం చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఇంతే. అభ్యసన వైకల్య సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళకు ఇస్తే, మళ్ళీ పద్నాలుగుకు, పద్దెనిమిదికి చూడాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఎనిమిదికీ పద్నాలుక్కీ మధ్య ఆరేళ్ళు బళ్ళో గడిచేవే కదా, అన్నాళ్ళూ దారి చూపాల్సింది ఆ పేజీయే!

ఇక బడులు. "రిపోర్టు తెస్తేనే పై తరగతి" అనే ప్రిన్సిపాల్ కాగితం చేతికి రాగానే "ఇలాంటి పిల్లలకు మా దగ్గర సదుపాయం లేదు" అంటాడు. పరీక్ష చేయించింది బయటికి పంపడానికా? గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా పసిగట్టి తగిన బోధన చెయ్యాలని 2016 చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. తల్లిదండ్రుల్ని రిపోర్టు అడిగే ప్రతి బడీ, ఆ పిల్లాడికి తాను ఈ ఏడాది ఏం చేసిందో ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వాలి.